మార్చ్ ఇంటి ఆడపిల్లలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో లూయిసా మే ఆల్కాట్ నవల ‘లిటిల్ ఉమెన్’ ప్రస్తావన రెండు వాక్యాల్లో వచ్చింది. ఆ రెండు వాక్యాలను పట్టుకొని సీమ జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలకే ఈ నెల శీర్షిక మొత్తం సరిపోతోంది. తక్కిన విషయాల మీద ప్రశ్నలు పంపినవారు వచ్చే నెల వరకు ఓపిక పట్టాలని మనవి. నవల చదవనివారి కోసం కథ కొంత చెబుతాను. అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతున్న రోజుల్లో, స్నేహితుడికి సాయం చేయబోయి ఆస్తి పోగొట్టుకున్న మార్చ్ అనే పెద్దమనిషి సైన్యంలో మతబోధకుడిగా వెళ్ళిపోగా, మార్మీ అని పిల్లలు పిలుచుకొనే తల్లి నలుగురు కూతుళ్ళతో ఇల్లు నడుపుతూ ఉంటుంది. పెద్దమ్మాయి మెగ్‌కు పదహారేళ్ళు, జోకు పదిహేను, బెత్‌కు పదమూడు, అమీకి పన్నెండు. పక్కింటి ధనవంతుడైన ముసలాయన మనవడు లోరీ వాళ్ళ స్నేహితుడు. నలుగురూ పెరిగి పెద్దవాళ్ళయి, ఒకరిని పోగొట్టుకొని, ముగ్గురు పెళ్ళిళ్ళు చేసుకోవడమే కథ.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది మగ్గాల ఇల్లు. ముగ్గురు అక్కాచెల్లెళ్ళలో నేను పెద్దదాన్ని. బడి నుంచి రాగానే ముగ్గురం కండెలు చుట్టడానికి కూర్చొనేవాళ్ళం. ఈ నవలను డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి, పెళ్ళయ్యాక ఒకసారి, ఈమధ్య మరోసారి చదివాను. బెత్ చనిపోయే చోట ఏడవనివాళ్ళు ఉండరని అందరూ అంటారు. నాకు మాత్రం మెగ్ పట్టు గుడ్డ కొన్న చోట కళ్ళు చెమరుస్తాయి. ఇంత చిన్న విషయానికి ఎందుకిలా అవుతోంది? (ఒక పాఠకురాలు, ధర్మవరం)

జవాబు: అమ్మా, అది చిన్న విషయం కాదు. ఈ నవలను ఇన్ని తరాలవాళ్ళు ఎందుకు గుండెకు హత్తుకున్నారో చెప్పమంటే నేనూ ఆ ఘట్టాన్నే ముందు చూపిస్తాను.

మెగ్ పెళ్ళి చేసుకున్న జాన్ బ్రూక్ నిజాయితీపరుడు, కష్టపడే మనిషి, చాలీచాలని జీతం అతనిది. డబ్బున్న స్నేహితురాలు శాలీ మోఫట్‌తో కలిసి దుకాణాలు తిరుగుతూ, ఆమె ముందు చిన్నబోవడం ఇష్టంలేక, మెగ్ యాభై డాలర్లు పోసి ఊదారంగు పట్టు గుడ్డ కొంటుంది. నెలాఖరున లెక్కల పుస్తకం తీసిన రాత్రి సంగతి బయటపడుతుంది. జాన్ కేకలు వేయడు. తనను తాను సమర్థించుకొనే ఆత్రంలో ఆమె నోట, పేదరికంతో విసిగిపోయానన్న మాట జారుతుంది. తాను చేయగలిగినంతా చేస్తున్నానని మాత్రమే అతను జవాబిస్తాడు. కొన్నాళ్ళకు అతను కుట్టించుకోవలసిన చలికోటు వద్దని చెప్పేశాడని ఆమెకు తెలుస్తుంది. అడిగితే, ఆ ఖర్చు భరించలేమని ఒక్క మాటలో చెబుతాడు. మర్నాడు మెగ్ అభిమానం చంపుకొని శాలీ దగ్గరికి వెళ్ళి, ఉన్నది ఉన్నట్లు చెప్పి, ఆ పట్టు గుడ్డను కొనుక్కొమ్మని వేడుకుంటుంది. ఆ డబ్బుతో భర్తకు కోటు తెప్పిస్తుంది.

ఈ ఘట్టంలో దుర్మార్గులు లేరు. మెగ్ దుబారా మనిషీ కాదు, జాన్ పిసినారీ కాదు. ఒక్క మాట జారడానికీ ఒక కోటు ఆగిపోవడానికీ మధ్య ఉన్న నిశ్శబ్దంలో ఒక సంసారం మొత్తం కనిపిస్తుంది. పట్టును నేసే ఇంట్లో పుట్టిన మీకు, నేసినవాళ్ళ ఒంటి మీదికి ఆ పట్టు రావడం ఎంత అరుదో తెలుసు కాబట్టి, ఆ యాభై డాలర్ల బరువు మీకు తక్కిన పాఠకుల కంటే ఎక్కువగా తగిలి ఉంటుంది. బెత్ మరణానికి ఏడవడం సహజం, కాని ఆ దుఃఖం ఎక్కడైనా ఉండేదే. ఊదారంగు పట్టు దగ్గర వచ్చే కన్నీరు మాత్రం డబ్బు లెక్క చూసుకొని బతికిన ఇళ్ళలో పుట్టినవాళ్ళకే వస్తుంది.

నా దృష్టిలో ఈ నవల మీది అభిమానానికి మూలం ఇక్కడే ఉంది. ప్రేమను ఈ రచయిత్రి మాటల్లో కంటే ఖర్చులో, సంపాదనలో, వదులుకున్న వస్తువుల్లో చూపిస్తుంది. నవల మొదలయ్యేదే కానుకలు లేని పండుగ గురించిన సణుగుడుతో. తలా ఒక డాలరు చేతిలో ఉంటే, తమకు కావలసినవి మానుకొని నలుగురూ తల్లికి కానుకలు కొంటారు. తండ్రికి జబ్బు చేసిందని తంతి వచ్చి తల్లి ప్రయాణమైనప్పుడు, జో తన జుట్టు కత్తిరించి అమ్మి ఇరవై ఐదు డాలర్లు తెచ్చి బల్ల మీద పెడుతుంది. ఆ రాత్రి ఆమె ఏడ్చింది తండ్రి కోసం కాదు, పోయిన జుట్టు కోసం. త్యాగం చేసిన మనిషికి ఆ వస్తువు మీద మోజు చావలేదని అంత నిర్మొహమాటంగా రాయడం వల్లనే ఆ పిల్ల మనకు మనింటి పిల్ల అయింది. తరువాత ఆమె ఒక పత్రిక పోటీలో వంద డాలర్ల బహుమతి గెలిచి, బెత్‌నూ తల్లినీ సముద్రతీరానికి గాలి మార్పు కోసం పంపిస్తుంది. ఆమె రాసిన ఒక కథ కసాయివాడి బాకీ తీర్చిందనీ, ఇంకొకటి కొత్త తివాచీ పరిచిందనీ, మరొకటి సరుకులూ బట్టలూ తెచ్చిందనీ రచయిత్రి వరుసపెట్టి చెబుతుంది. కథలు రాసే అమ్మాయి గురించి చెబుతూ ఆ కథలు ఏ బాకీకి చెల్లాయో కూడా చెప్పిన నవలలు నేను ఎక్కువ చదవలేదు.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఈ నవల రచయిత్రి సొంత కథేనని అంటారు. అయితే తండ్రి పాత్ర అంత పలచగా ఎందుకున్నది? ఆడపిల్లల కథలో తండ్రికి చోటు లేకపోవడం లోపమే కదా? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: మాస్టారూ, చాలావరకు సొంత కథే. లూయిసాకు అక్క ఆనా, చెల్లెళ్ళు ఎలిజబెత్, మే. ఆనా మెగ్‌గా, లూయిసా జోగా, మే అమీగా మారారు. ఎలిజబెత్ ఒక్కతే సొంత పేరుతో బెత్‌గా నిలిచింది. ఒక పేద కుటుంబం నుంచి అంటుకున్న స్కార్లెట్ జ్వరం ఆమె ఒంటిని పిండి చేసింది. 1858 మార్చిలో, ఇరవై రెండేళ్ళ వయసులో కన్నుమూసింది. నవలలోని ఇంటికి, వాళ్ళు మసాచుసెట్స్ రాష్ట్రంలోని కాంకర్డ్‌లో ఉన్న ఆర్చర్డ్ హౌస్ పోలికలు వచ్చాయి. లూయిసా ఈ నవల రాసింది ఆ ఇంట్లోనే, తండ్రి చేసి ఇచ్చిన చిన్న బల్ల మీద. ఇప్పుడది మ్యూజియంగా ఉన్నది.

తండ్రి బ్రాన్సన్ ఆల్కాట్ ఆలోచనల్లో పెద్దవాడు, విద్యావిధానంలో కొత్త దారులు వెతికినవాడు, బానిసత్వాన్ని ఎదిరించినవాడు. సంపాదన మాత్రం ఆయనకు చేతకాలేదు. 1843లో కొందరితో కలిసి ఫ్రూట్‌లాండ్స్ అనే పొలంలో ఆదర్శ జీవితం మొదలుపెడితే, చలికాలం గడవకముందే అది కూలిపోయింది. అది మొదలయ్యేనాటికి లూయిసాకు పదేళ్ళు. ఆ తరువాత ఆమె కుట్టుపని చేసింది, పిల్లలకు చదువు చెప్పింది, ఒక ఇంట్లో పనిమనిషిగా కుదిరి ఏడు వారాల చాకిరీకి నాలుగు డాలర్లు పుచ్చుకొంది. యుద్ధంలో నర్సుగా వెళ్ళి, టైఫాయిడ్ తగిలి, పాదరసం కలిసిన మందుతో చేసిన వైద్యం వల్ల ఆరోగ్యం పాడుచేసుకొంది. బోస్టన్ ప్రచురణకర్తలు రాబర్ట్స్ బ్రదర్స్ తరఫున థామస్ నైల్స్ ఆడపిల్లల కోసం ఒక పుస్తకం రాయమని అడిగినప్పుడు, తన అక్కాచెల్లెళ్ళు తప్ప ఆడపిల్లలు తనకు పెద్దగా తెలియరనీ, ఇలాంటి రాత తనకు ఇష్టం లేదనీ దినచర్యలో రాసుకొంది. అయినా 1868 మే నెలలో మొదలుపెట్టి జూలై మధ్యకల్లా మొదటి భాగం పూర్తిచేసింది. సెప్టెంబరు 30న విడుదలైన రెండువేల ప్రతులూ త్వరగానే చెల్లిపోయాయి. రెండో భాగం 1869 ఏప్రిల్‌లో వచ్చింది. ఒక్కసారి ఇచ్చే మొత్తం పుచ్చుకోకుండా, నైల్స్ సలహా మేరకు హక్కులు తన దగ్గరే ఉంచుకోవడం వల్ల ఆ రాబడితో కుటుంబం అప్పులన్నీ తీర్చింది. అక్క భర్త 1870లో చనిపోతే, ఆ పిల్లల కోసమే తరువాతి నవల ‘లిటిల్ మెన్’ రాసింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. తండ్రి పాత్ర పలచగా ఉండటాన్ని నేను లోపమనుకోను. ఆయనను యుద్ధానికి పంపించి ఉండకపోతే, ఇల్లు ఎవరి చేతుల మీద నడుస్తున్నదో పాఠకుడికి కనిపించేది కాదు. ఆయన తిరిగి వచ్చాక కూడా పుస్తకాల గదిలోనే ఎక్కువగా ఉంటాడు, ఇంటి బరువు ఆడవాళ్ళ మీద ఎప్పటిలాగే ఉంటుంది. లూయిసా తండ్రిని ప్రేమించింది, గౌరవించింది. 1888 మార్చిలో ఆయన పోయిన రెండు రోజులకే ఆమె కూడా పోయింది. ఆయన మీద ఒక్క కఠినమైన మాట రాయకుండా, ఆయన చేయని పని ఎవరు చేశారో మాత్రం పుస్తకం నిండా రాసింది. ఒక కూతురు అంతకంటే మర్యాదగా నిజం చెప్పడం సాధ్యం కాదని నా నమ్మకం.

ప్రశ్న: మా హాస్టల్ గదిలో నలుగురం ఈ పుస్తకం చదివి రెండు జట్లుగా చీలిపోయాం. జో లోరీని ఎందుకు కాదన్నది? కాదన్నది సరే, తనకంటే ఎంతో పెద్దవాడైన ఆ జర్మన్ ప్రొఫెసర్‌ను ఎందుకు చేసుకున్నది? మీరు ఎవరి పక్షం? (డిగ్రీ విద్యార్థిని, అనంతపురం)

జవాబు: మీ గదిలో జరిగిన తగాదా 1868 నుంచి జరుగుతూనే ఉన్నది. మొదటి భాగం చదివిన అమ్మాయిలు ఎవరికి ఎవరితో పెళ్ళవుతుందని ఉత్తరాలు రాస్తే, ఆడదాని బతుక్కి పెళ్ళొక్కటే గమ్యమైనట్లు అడుగుతున్నారని లూయిసా విసుక్కొంది. ఎవరి సంతోషం కోసమూ జోను లోరీకి ఇచ్చి చేయనని దినచర్యలో రాసుకొంది. జో పెళ్ళి లేకుండా రచయిత్రిగా ఉండిపోవాలన్నది తన ఉద్దేశమనీ, ఎవరో ఒకరితో పెళ్ళి చేయాలని పాఠకురాళ్ళు గోల పెట్టడంతో కాదనలేక, మొండికేసి ఒక వింత సంబంధం కుదిర్చాననీ ఒక ఉత్తరంలో చెప్పింది. ఆ వింత సంబంధమే ప్రొఫెసర్ బేయర్. లూయిసా మాత్రం జీవితాంతం పెళ్ళి చేసుకోలేదు.

లోరీని కాదనడంలో నేను పూర్తిగా జో పక్షం. ఇద్దరూ ఒకే రకం కోపిష్ఠులని ఆమె చెప్పిన కారణం నిజమే. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ఇంకొకటుంది. లోరీని చేసుకుంటే జోకు రాయవలసిన అవసరమే ఉండేది కాదు. కసాయివాడి బాకీ తీర్చే కథలు రాసే అమ్మాయి ఒక పెద్ద బంగళాలో కోడలై ఊరుకునేది.

ప్రొఫెసర్ విషయంలో మాత్రం నా మనసు ఇప్పటికీ కుదుటపడలేదు. ఆయన మంచివాడు, నిరాడంబరుడు, జోను తనతో సమానంగా చూస్తాడు. కాని పత్రికల్లో వచ్చే రక్తపాతపు కథలను ఆయన చీదరించుకోవడం విని, జో సిగ్గుతో తాను రాసినవన్నీ పొయ్యిలో వేసే ఘట్టం నాకు మింగుడుపడదు. ఆ కథల డబ్బే కదా చెల్లెలిని సముద్రపు గాలికి పంపింది! లూయిసా కూడా ఎ. ఎం. బర్నార్డ్ అన్న మారుపేరుతో అలాంటి కథలు రాసి ఇల్లు గడిపింది. ఆ పేరు వెనుక ఉన్నది ఆమేనని పరిశోధకులు 1940లలో కాని బయటపెట్టలేదు. తాను చేసిన పనికి జో చేత సిగ్గుపడేలా చేయడం ఆ కాలపు పాఠకుల కోసం చేసిన సర్దుబాటు అనే నేననుకుంటాను. 2019లో గ్రెటా గెర్విగ్ తీసిన సినిమా ఈ చిక్కును చక్కగా పట్టుకొంది. అందులో చివరికి జో ప్రచురణకర్త ఎదురుగా కూర్చొని, కథానాయికకు పెళ్ళి చేయడానికి ఒప్పుకొంటూనే, తన పుస్తకం హక్కులు తన దగ్గరే ఉంచుకోవడానికి బేరమాడుతుంది. మీ నలుగురూ ఆ సినిమా చూసి మళ్ళీ వాదించుకోండి. జట్లు మారినా మారవచ్చు.

ప్రశ్న: అక్కా, నాకు అమీ అంటే అస్సలు పడదు. జో ఏళ్ళ తరబడి రాసుకున్న పుస్తకాన్ని కోపంతో కాల్చేసింది. చివరికి యూరప్ ప్రయాణమూ ఆమెకే, లోరీ కూడా ఆమెకే. అంత పని చేసిన చెల్లెలిని జో ఒక్కరోజులో క్షమించడం నమ్మేటట్లు లేదు. మా వైపు అక్కాచెల్లెళ్ళ మధ్య మాట తేడా వస్తే ఏళ్ళ తరబడి ఒకరి గడప ఒకరు తొక్కని ఇళ్ళున్నాయి. (ఒక గృహిణి, కడప)

జవాబు: ఎనిమిదో అధ్యాయాన్ని మరొక్కసారి నిదానంగా చదవండి. జో క్షమించింది మంచితనంతో కాదు, భయంతో. పుస్తకం కాలిపోయిన సంగతి తెలిసిన మర్నాడు జో, లోరీ గడ్డకట్టిన నది మీద స్కేటింగ్‌కు వెళితే, అమీ వెనకాలే వస్తుంది. నడిమధ్యన మంచు పలచగా ఉన్నదని లోరీ అరిచి చెబుతాడు. ఆ మాట జోకు వినిపించింది, వెనకాల ఉన్న అమీకి వినిపించలేదు. జో వెనక్కి తిరిగి హెచ్చరించదు. తన జాగ్రత్త తానే చూసుకోనీ అనుకొంటుంది. ఆ మరుక్షణం మంచు విరిగి అమీ నీళ్ళలో పడుతుంది. లోరీ చాకచక్యం వల్ల ఆ పిల్ల బతికి బయటపడుతుంది. తాను మోసిన కోపం చెల్లెలి ప్రాణం తీయబోయిందన్న గ్రహింపు జోను ఆ రాత్రి కుదిపేస్తుంది. కాలిన కాగితాలకూ గడ్డకట్టిన నదికీ మధ్య లెక్క ఎటు మొగ్గిందో ఆమెకు అర్థమయింది.

అప్పుడు తల్లి చెప్పిన మాటే ఈ నవలకు ప్రాణమని నేనంటాను. శాంతమూర్తిగా అందరూ అనుకొనే మార్మీ, తన జీవితంలో దాదాపు ప్రతిరోజూ తనకు కోపం వస్తూనే ఉంటుందనీ, దాన్ని బయటికి చూపకుండా ఉండటం మాత్రం నేర్చుకున్నాననీ కూతురితో చెబుతుంది. కోపాన్ని అణచుకోవడంలో భర్త సాయపడ్డాడంటూ ఆమె చెప్పే తీరు ఇప్పటి చదువరులకు రుచించదు, నాకూ రుచించదు. కాని పేదరికంలో నలుగురు పిల్లలను పెంచే తల్లి తనకు కోపం లేదని అబద్ధం చెప్పకపోవడం, అదీ 1868 నాటి పిల్లల పుస్తకంలో, చాలా పెద్ద సంగతి. ఆడపిల్ల కోపాన్ని రోగంగా కాక, బతుకుతో పాటు ఉండేదిగా చూసిన పుస్తకం కనుకనే కోపం వచ్చే ఆడపిల్లలందరూ దీన్ని సొంతం చేసుకున్నారు.

అమీ గురించి మీ అభిప్రాయాన్ని నేను మార్చలేకపోవచ్చు గాని, ఒక్క విషయం చూడండి. ఇంట్లో అందరికంటే చిన్నది కావడం వల్ల ఏ వస్తువూ కొత్తది ఆమెకు దక్కదు. దాయాదుల పాత బట్టలు తొడుక్కోవడం ఆమె మొదటి బాధ. డబ్బున్న వరుణ్ణి చేసుకోక తప్పదని పైకి అనగలిగింది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే, పైగా అది తన కోసం మాత్రమే అనలేదు. తన బొమ్మల్లో నైపుణ్యమే తప్ప ప్రతిభ లేదని రోమ్‌లో గ్రహించి, ఆ మాట తనకు తానే చెప్పుకోగలిగిన ధైర్యం కూడా ఆమెదే. అసలు మే ఆల్కాట్ అయితే అక్క పంపిన డబ్బుతో యూరప్‌లో చదువుకొని, 1877లో పారిస్ సలోన్ ప్రదర్శనలో తన చిత్రాన్ని నిలబెట్టింది. 1879 డిసెంబరులో కాన్పయిన కొద్ది వారాలకు ఆమె చనిపోగా, ఆ పసిబిడ్డను తెప్పించుకొని పెంచింది లూయిసాయే.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. అయిదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివింది, ఇప్పుడు ఇంగ్లీషు మాధ్యమం. ఈ నవల ఆమెతో చదివించాలని ఉంది. ఎలా మొదలుపెట్టమంటారు? (ఒక తండ్రి, ఆదోని)

జవాబు: కొనే ముందు విషయసూచిక చూడండి. నలభై ఏడు అధ్యాయాలుంటే రెండు భాగాలూ ఉన్నట్లు. ఇరవై మూడుతో ఆగిపోతే మొదటి భాగం మాత్రమే. అప్పుడు రెండోది విడిగా ‘గుడ్ వైవ్స్’ పేరుతో దొరుకుతుంది. పిల్లల కోసం కుదించిన ప్రతుల్లో తగాదాలూ డబ్బు లెక్కలూ ముందుగా కత్తిరిస్తారు కాబట్టి వాటిని కొనవద్దు. 1880లో రచయిత్రి బతికుండగానే వచ్చిన ముద్రణలో పిల్లల యాస మాటలను కొంత సాపు చేశారు. పాత పాఠం దొరికితే మంచిదే, దొరకకపోయినా నష్టం లేదు. హక్కుల కాలం ఎప్పుడో తీరిపోయింది గనుక ఇంటర్నెట్‌లో ఉచితంగానూ చదువుకోవచ్చు.

మొదటి పేజీ నుంచి చదివించవద్దు. ఏడో అధ్యాయంతో మొదలుపెట్టించండి. బడిలో పిల్లలంతా ఉప్పులో ఊరిన నిమ్మకాయలను దొంగచాటుగా తింటూ, ఇచ్చిపుచ్చుకొంటూ ఉండగా, అందరికీ బాకీపడిన అమీ అక్క దగ్గర డబ్బు తీసుకొని నిమ్మకాయలు కొనుక్కొని బడికి వెళ్ళి, పట్టుబడి, అరచేతి మీద దెబ్బలు తింటుంది. తల్లి ఆ బడి మాన్పించేస్తుంది. అది ఏ ఊరి పిల్లకైనా అర్థమయ్యే కథ. అక్కడి నుంచి ఎనిమిదో అధ్యాయానికి తనంతట తానే వెళుతుంది. మధ్యమధ్య నీతిబోధలు వచ్చిన చోట పేజీలు తిప్పేస్తే తిప్పేయనివ్వండి. అర్థం కాని మాటలకు నిఘంటువు పక్కన పెట్టండి కాని, రోజుకిన్ని పేజీలని లెక్క కట్టకండి. వీలైతే మీరు కూడా ఇంకో ప్రతి తెచ్చుకొని చదవండి. జో లోరీని కాదన్న చోటికి వచ్చాక ఆమెకు వాదించడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి.